నోటికి సెలవు, మోకాలికి డ్యూటీ

ఫిజికల్ థియేటర్ అంటే మాట కన్నా ముందు ఒళ్ళు నటించే నాటకం. కథ చెప్పే బాధ్యతను నాలుక మీద నుంచి తీసి వెన్నెముకకూ మోకాళ్ళకూ మోచేతులకూ అరికాళ్ళకూ పంచిపెడతారు. దీన్ని నేర్పే వర్క్‌షాపులు సాధారణంగా వారం నుంచి నెల దాకా సాగుతాయి. ఇంటెన్సివ్ వర్క్‌షాపు అయితే పొద్దున మొదలై పొద్దుగూకేదాకా నడుస్తుంది. మర్నాడు మెట్లు దిగేటప్పుడు విద్యార్థి రెయిలింగు వదలడు.

ఈ విద్యకు పెద్దలు యూరప్‌లో ఎక్కువ. వాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు ఫ్రాన్సుకు చెందిన జాక్ లెకాక్ (1921–1999). ఆయన నాటకాల్లోంచి కాక ఆటల్లోంచి వచ్చాడు. జిమ్నాస్టిక్స్, ఈత ఆయన తొలి విద్యలు. వ్యాయామం నేర్పుతూ నేర్పుతూ ఒంటి కదలికలోనే నాటకం ఉందని కనిపెట్టి 1956లో పారిస్‌లో బడి పెట్టాడు. మన బళ్ళలో డ్రిల్లు పీరియడు ఎప్పుడూ లెక్కల మాస్టారి చేతికే చిక్కుతుంది. లెకాక్ హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్ చుట్టుపక్కల ఏ జూనియర్ కాలేజీలోనో పీఈటీగా చేరి ఉంటే సిలబస్ కోసం పీరియళ్ళన్నీ ధారపోసి, ఏ కొత్త విద్యా కనిపెట్టకుండానే రిటైరయ్యేవాడు.

పోలండ్‌లో యెర్జీ గ్రొటోవ్‌స్కీ (1933–1999) ఇంకో అడుగు ముందుకు వేశాడు. సెట్టింగులు, మేకప్, లైట్ల హంగులు అన్నీ తీసేసి, నటుడి ఒళ్ళు ఒక్కటే మిగిల్చాడు. దానికి పేద నాటకరంగం అని పేరు వచ్చింది. ఆ పేదతనం నేర్చుకోవడానికి ఇప్పుడు కట్టవలసిన ఫీజు మాత్రం అంత పేదగా ఉండదు. ఆయన శిష్యుడు యుజేనియో బార్బా 1963లో కేరళ వచ్చి, చెరుతురుత్తిలోని కళామండలంలో కథకళి విద్యార్థులు తెల్లవారుజామున చేసే సాధన చూసి వెళ్ళాడు. అందులో కొన్ని కసరత్తులు పోలండ్‌లోని ఓపోలే పట్టణంలో గ్రొటోవ్‌స్కీ బృందం దినచర్యలో చేరాయి. కేరళలో పుట్టి పోలండ్ మీదుగా ప్రపంచం చుట్టిన ఆ కసరత్తులకు ఇవాళ తెల్లాపూర్ విద్యార్థి డబ్బు కట్టి చెమటోడుస్తున్నాడు. నేరుగా వస్తే పక్క రాష్ట్రం దాటితే చాలు. అయినా నేరుగా వచ్చిన సరుకుకు మన దగ్గర గిరాకీ ఎప్పుడుంది?

అసలు ఒంటిని ఇంత పద్దులేసి లెక్కపెట్టిన దేశం మరొకటి లేదు. నాట్యశాస్త్రం తలకు 13, చూపులకు 36, మెడకు 9, గడ్డానికి 7 రకాల అభినయాలు చెప్పింది. చెక్కిళ్ళకు 6, ముక్కుకు సైతం 6 ఇచ్చింది. తెలుగులో ఈ గ్రంథానికి పోణంగి శ్రీరామ అప్పారావు వ్యాఖ్య రాస్తే 1960లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ముక్కుకు ఆరు పనులున్నాయని చదివిన విద్యార్థి అద్దం ముందు నిలబడతాడు. రెండు పనులు చేయగలుగుతాడు, మూడోదానికి తుమ్ము వస్తుంది.

ఇంత నేపథ్యం ఉన్నా తెలుగు నాటకం మాత్రం ప్రధానంగా నోటి నాటకం. పద్యనాటకంలో కృష్ణుడు మైకు ముందుకు వచ్చి హార్మోనియం శ్రుతి అందుకుని రాగం తీస్తే, ఆ రాగం ముగిసేదాకా కురుక్షేత్రం ఆగుతుంది. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ ఆగుతుంది. కాళ్ళతో అవసరం లేదు, అవి పట్టుపంచె లోపల విశ్రాంతి తీసుకుంటాయి. పరిషత్తు నాటకాల్లోనూ బహుమతులు కొట్టేది డైలాగే. అందుకే నటన మీద మోజుపడ్డ తెలుగు కుర్రాడు ఎక్కడ ఆడిషన్‌కు వెళ్ళినా 1977 నాటి 'దానవీరశూరకర్ణ' సినిమా దుర్యోధనుణ్ణి వెంట తీసుకుపోతాడు. వర్క్‌షాపు మొదటి గంటలో ఊపిరి తీసుకోకుండా ఆ డైలాగంతా అప్పజెప్పి, చప్పట్ల కోసం చుట్టూ చూస్తాడు. శిక్షకుడు ఓపిగ్గా విని, ఇదే మాట ఇప్పుడు నోరు తెరవకుండా చెప్పమంటాడు. కష్టాలు అక్కడ మొదలవుతాయి.

"అన్నా, మరి డైలాగెప్పుడిస్తవ్?"

"డైలాగ్ లేదు తమ్మీ."

"కథెట్ల తెలుస్తది?"

"వీపు చెప్తది."

తమ్ముడు తన వీపు వైపు తిరిగి చూసుకోవడానికి ప్రయత్నిస్తాడు. శిక్షకుడి దృష్టిలో అతని మొదటి మంచి కదలిక అదే.

ఇదంతా జరిగే తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా రామచంద్రపురం మండలంలోది. ఒకవైపు నల్లగండ్ల, ఒకవైపు కొల్లూరు, ఇంకోవైపు బీహెచ్‌ఈఎల్, అది దాటి పోతే పటాన్‌చెరు కంపెనీలు. నల్లగండ్ల అవతల హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి సరోజినీ నాయుడు స్కూలు 1988లో మొదలైంది. రంగస్థల కళల శాఖ అందులో భాగం. కాబట్టి నాటకం గాలి ఈ దిక్కుకు కొత్తది కాదు. కొత్తదల్లా గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌసు. పొద్దున జుంబా, సాయంత్రం ఎవరో పిల్లాడి పుట్టినరోజు, ఆ రెంటి మధ్యా మిగిలిన గంటల్లో దొరికిన హాల్లో కళ జరుగుతుంది. నిన్నటి బెలూను ముక్కలు ఇంకా నేల మీదే ఉంటాయి. నేలతో స్నేహం చెయ్యండి అంటాడు శిక్షకుడు. నేల నున్నటి విట్రిఫైడ్ టైల్. అది స్నేహానికి ఒప్పుకునేదాకా మోకాలి చిప్పలు, తుంటి ఎముకలు మూల్యం చెల్లిస్తూనే ఉంటాయి.

చేరేవాళ్ళలో ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువ. షార్ట్‌ఫిల్మ్ తీసే ఉద్దేశం ఉన్నవాళ్ళు, మెడనొప్పికి మందుగా ఎవరో చెబితే వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, సినిమా అవకాశం ఇక్కడి నుంచి దగ్గరని నమ్మినవాళ్ళు తరవాత వరసలో ఉంటారు. అందరికీ నల్ల ట్రాక్‌ప్యాంటు, నల్ల టీషర్టు తప్పనిసరి. కడుపు తేలిగ్గా ఉంచుకుని రమ్మని ముందే చెబుతారు. "అంతసేపు ఎగిరేటోడు ఉత్త కడుపుతోని ఎట్ల పోతడు?" అని ఇంట్లో అమ్మ పెసరట్టు మీద ఉప్మా వేసి పంపుతుంది. వార్మప్‌లో వెన్ను వంచి తల నేలకు దించినప్పుడు ఎవరి ఇంట్లో ఏం టిఫినో తెలిసిపోతుంది.

మొదట నేర్పేది నడక. హాలంతా నడవాలి, ఎక్కడా ఖాళీ మిగలకూడదు, ఎవరికీ తగలకూడదు, ఎవరి వంకా గుచ్చి చూడకూడదు, అయినా అందరూ కంటికి ఆనుతూ ఉండాలి. అమెరికాలో మేరీ ఓవర్లీ మొదలుపెట్టి ఆన్ బోగార్ట్ పెంచిన వ్యూపాయింట్స్ పద్ధతిలో ఇది తొలి పాఠం. లింగంపల్లిలో షేరాటో ఎక్కి వచ్చే విద్యార్థికి ఖాళీ నింపడం ఎవరూ నేర్పనక్కర్లేదు. తగలకుండా నింపడమే అతనికి ఊహకందని విషయం. మొదటి రోజు అందరూ గుండ్రంగా ఒకే దిక్కుకు తిరుగుతారు. ప్రదక్షిణం ఆపండి అని శిక్షకుడు అరుస్తాడు. అప్పుడు అందరూ ఒక్కసారిగా ఎదురుదిక్కుకు తిరుగుతారు.

నడక కుదిరాక ఏడు బిగువుల అభ్యాసం వస్తుంది. లెకాక్ బడి నుంచి లోకమంతా పాకిన పాఠాల్లో ఇది అన్నిటికన్నా పనికొచ్చేది, అన్నిటికన్నా నవ్వొచ్చేది. ఒంట్లో బిగువును ఏడు మెట్లుగా విభజిస్తారు. ఒకటో మెట్టులో ఎముకలే లేనంతగా ఒళ్ళు వాలిపోవాలి. ఏడో మెట్టులో ఒక్క కండరం కదలనంతగా బిగుసుకుపోవాలి. మధ్యలో మిగతా ఐదు. ఉదాహరణలు వెతుక్కోవడానికి విద్యార్థి ఇల్లు దాటనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు, వడియాలు అయ్యాక సోఫాలో కనబడే పెదనాన్నది ఒకటో మెట్టు. టీవీ రిమోటు చేతిలో ఉంటుంది, కానీ చానెల్ మార్చే శక్తి ఉండదు. సాయంత్రం టీ పడ్డాక రెండో మెట్టు, అప్పుడు ఊళ్ళో భూముల ధరల గురించి మాట్లాడగలుగుతాడు. మూడోది తటస్థం. ఎంత పనికి అంతే కదలిక, వీసమెత్తు ఎక్కువ ఉండదు. బ్యాంకులో మధ్యాహ్నం కౌంటర్ వెనక దీన్ని గమనించవచ్చు. నాలుగోది అప్రమత్తత. ఎండాకాలం వీధిలో నీళ్ళ ట్యాంకరు హారన్ వినబడగానే ఇంటిల్లిపాదికీ ఒకేసారి మెడలు నిటారవుతాయి. ఐదోది ఉత్కంఠ. ఎంసెట్ రిజల్టు పేజీ తెరుచుకోకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఫోను చుట్టూ నలుగురు ఊపిరి బిగబడతారు. పరీక్ష పేరు మారింది గాని ఆ ఊపిరి మారలేదు. ఆరోది ఆవేశం. పేజీ తెరుచుకుంది, ర్యాంకు కనబడింది, తండ్రి లేచి నిలబడ్డాడు. ఏడోది శిలారూపం. అది విద్యార్థిది.

ఈ అభ్యాసంలో తెలుగు విద్యార్థులు బాగా రాణిస్తారు. మూడో మెట్టు దగ్గర మాత్రం ఆగిపోతారు. ఊరికే నిలబడమంటే నిలబడలేరు. చెయ్యి జేబులోకి పోతుంది, లేకపోతే జుట్టులోకి పోతుంది, లేకపోతే ఫోను కోసం వెతుకుతుంది. ఈ రోగానికి లెకాక్ చేసిన వైద్యం తటస్థ మాస్కు. ఇటలీలోని పాదువాకు చెందిన శిల్పి అమ్లెటో సార్తోరి ఆయన కోసం తోలుతో చేసిన ఆ మాస్కుకు సంతోషం లేదు, దుఃఖం లేదు, వయసు లేదు. అలాంటిది పెట్టుకుంటే ముఖంతో మాయ చెయ్యడం కుదరదు కాబట్టి ఒళ్ళు పనిచెయ్యక తప్పదు. ఆధార్ సెంటరులో ఫోటో దిగిన ప్రతివాడికీ ఈ ముఖం ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చేసిందన్న సంగతి పాదువాలో తెలిసి ఉండదు. కోర్సు చివర్లో వచ్చే జోకర్ ఎర్రముక్కును మాత్రం లెకాక్ ప్రపంచంలోకెల్లా చిన్న మాస్కు అనేవాడు. దాన్ని తగిలించుకుని నవ్వించడం చాలా కష్టం. నవ్వించాలని చూస్తే ఎవరూ నవ్వరు. ఏమీ తోచక బిక్కమొహం వేసినప్పుడు హాలంతా నవ్వుతుంది. మిమిక్రీ చేసి బహుమతులు గెలిచినవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు, వెనక వరసలో మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయి రాజ్యమేలుతుంది.

తరవాతివి జంతువులు, చెట్లు, నీరు, నిప్పు. నిప్పు అవ్వమంటే అందరూ చేతులు ఊపుతారు. నీరు అవ్వమంటే అందరూ పడుకుంటారు. ఇందులో అసలు పాఠం జంతువును అనుకరించడం కాదు, అనుకరించి అనుకరించి చివరికి దాన్ని మనిషి లోపల దాచిపెట్టడం. దీనికి శిక్షకుడు పారిస్ దాకా పోనక్కర్లేదు. 1957 నాటి 'మాయాబజార్' చూపిస్తే సరిపోతుంది. అందులో సావిత్రి శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. పైన పెళ్ళికూతురి సిగ్గు, లోపల రాక్షసుడి నడక. ఎవరూ చూడనప్పుడు ఆ లోపలి మనిషి భుజాల్లోంచీ అడుగుల్లోంచీ పైకి వస్తాడు, ఎవరైనా రాగానే మళ్ళీ లోపలికి పోతాడు. ఫిజికల్ థియేటర్ మీద ఎన్ని పుస్తకాలున్నా ఇంతకు మించిన పాఠం దొరకదు. ఆ మాటకొస్తే 1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'పుష్పక విమానం'లో సంభాషణే లేదు. డైలాగు లేకపోతే తెలుగువాడు హాల్లో కూర్చోడన్న వాదానికి ఆ సినిమా ఒక్కటే జవాబు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు మాత్రం రష్యా దగ్గర చుట్టం. వ్సెవొలోద్ మెయెర్‌హోల్డ్ 1920లలో తయారుచేసిన బయోమెకానిక్స్ పద్ధతికి ఫ్యాక్టరీయే ఆదర్శం. నైపుణ్యమున్న కార్మికుడు ఒక్క కదలిక కూడా వృథా చెయ్యడు, నటుడూ అలాగే ఉండాలన్నది ఆయన వాదన. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ కార్మికుల కదలికలను గడియారం పెట్టి కొలిచిన పద్ధతి ఆయనకు తెలుసు. రాయి విసరడం, బాణం వెయ్యడం, చెంపదెబ్బ కొట్టడం ఆయన రాసిపెట్టిన అభ్యాసాల్లో కొన్ని. ప్రతి కదలికకూ ముందు దానికి వ్యతిరేక దిశలో చిన్న కదలిక ఉండాలంటాడు. పొట్టేలు కుమ్మే ముందు వెనక్కి తగ్గినట్టు. చెంపదెబ్బ పాఠం రోజున హాజరు నూటికి నూరు శాతం ఉంటుంది. అయితే దెబ్బ తగలకూడదన్నది నియమం. ఎదుటివాడు సరిగ్గా సమయానికి తల తిప్పాలి, చప్పుడు ఇంకోచోట పుట్టాలి. సినిమా ఫైట్లు చూసి పెరిగిన పిల్లలకు చప్పుడు ముందే నోట్లోంచి వచ్చేస్తుంది. ఈ మెయెర్‌హోల్డ్‌ను స్టాలిన్ ప్రభుత్వం 1940లో కాల్చి చంపింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం హాల్లో ఎవరూ నవ్వరు.

బయోమెకానిక్స్ ఇంట్లోనే జరుగుతోందని విద్యార్థికి ఆ రాత్రి తెలుస్తుంది. సెకండ్ షిఫ్టు ముగించుకుని తండ్రి అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తాడు. లైటు వెయ్యకుండా బూట్లు విప్పుతాడు, టిఫిను బాక్సు సింకులో చప్పుడు లేకుండా పెడతాడు, ఫ్రిజ్ తలుపు మోచేత్తో ఆపి నీళ్ళ సీసా తీస్తాడు, నిద్రపోతున్న నలుగురి కాళ్ళ మధ్య నుంచి ఎవరినీ తాకకుండా తన పక్క చేరతాడు. ఒక్క కదలిక వృథా కాదు. ఇందుకు ఆయనకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

జపాన్ వాడు తదాషి సుజుకి 1976లో నగరం వదిలి టోగా అనే కొండపల్లెకు మకాం మార్చాడు. ఆయన పద్ధతిలో ప్రధానం పాదాలతో నేలను బలంగా తొక్కడం. నడుము పైభాగం చలించకూడదు. ఆయన పల్లెకు ఎందుకు వెళ్ళాడో ఎన్ని కారణాలు చెప్పుకున్నా, క్లబ్‌హౌసు మొదటి అంతస్తులో ఇరవైమంది కలిసి తొక్కుతున్నప్పుడు ఒక్క కారణమే తోస్తుంది. కింద క్యారమ్స్ ఆడుకుంటున్న పెద్దమనుషులు సెక్యూరిటీని పైకి పంపుతారు. "సార్, కింద కాయిన్లు వాటంతటవే పోతున్నయంట" అని అతను తలుపు దగ్గర నిలబడి చెబుతాడు. మర్నాటి నుంచి సుజుకి పద్ధతిని సాక్సులతో సాధన చేస్తారు.

ఇంటికి చేరిన విద్యార్థి ఒంట్లో ఇంతకాలం లేవనుకున్న కండరాలన్నీ పేరుపేరునా పలకరిస్తాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. మధ్యస్థంగా గోడకు ఆని ఆగిపోతాడు.

"ఏం నేర్పిండ్రురా ఇయ్యాల?"

"దొర్లుడు నేర్పిండ్రు నాయినమ్మా."

"పైసలిచ్చినవా?"

"ఇచ్చిన."

"మా చిన్నప్పుడు చిందు భాగోతమోళ్ళు తెల్లారేదాక ఎగిరేటోళ్ళు. ఊరోళ్ళే వాళ్ళకు పైసలిచ్చేటోళ్ళు."

నాయనమ్మ మాటలో చరిత్ర ఉంది. గజ్జెలు కట్టుకుని, బరువైన కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని రాత్రంతా చిందు తొక్కే చిందు భాగవతుల ఆట తెలంగాణలో తరతరాలుగా ఉంది. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ ఆడవేషాలూ మగవేషాలూ రెండూ కట్టి మెప్పించింది, 2005లో కన్నుమూసేదాకా ఆ విద్యకు పెద్దదిక్కుగా నిలిచింది. తెల్లాపూర్‌కు ఇంకా దగ్గర్లో, లింగంపల్లి పక్కనే సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన కుటుంబ నాటక సమాజాల వారసులు అక్కడ ఉంటున్నారు. ఆ ఇళ్ళలో పిల్లలు ఒళ్ళో ఉన్నప్పుడే రంగస్థలం ఎక్కుతారు. తాళ్ళు ఎప్పుడు లాగాలో, బాణాలు గాల్లో ఎక్కడ ఢీకొనాలో, తెర పడేలోపు వేషం ఎలా మార్చాలో చూసిచూసి ఒంటపట్టించుకుంటారు. నాటక దర్శకుడు బి.వి.కారంత్ కూడా వాళ్ళతో నాటకాలు చేయించారు. ఆ కాలనీ ముందు నుంచే విద్యార్థి రోజూ వర్క్‌షాపుకు వెళ్ళివస్తాడు. లోపలికి మాత్రం వెళ్ళడు, అక్కడ ఇంటెన్సివ్ అన్న బోర్డు లేదు కదా.

చివరి రోజు ప్రదర్శన. కథ ఉండదు, నగరం అన్న శీర్షిక ఉంటుంది. కొందరు రోడ్డు అవుతారు, కొందరు వాహనాలు, ఒకడు ట్రాఫిక్ సిగ్నల్. పొడుగ్గా ఉన్న కుర్రాడు చివరిదాకా చేతులు చాపి ఒంటికాలి మీద నిలబడతాడు. తల్లిదండ్రులు, స్నేహితులు, క్లబ్‌హౌసు మేనేజరు, తలుపు దగ్గర సెక్యూరిటీ ప్రేక్షకులు. అయిపోయాక ఒక ఆంటీ ఆ కుర్రాణ్ణి పిలిచి, "నువ్వు చెట్టువా బాబూ, కరెంటు స్తంభానివా?" అని అడుగుతుంది. మీకేది తోస్తే అదే అంటాడు శిక్షకుడు పక్కనుంచి. కుర్రాడి మొహం పడిపోతుంది. అతను తాను క్రేన్ అనుకున్నాడు, తెల్లాపూర్ ఆకాశంలో ఎటు చూసినా కనబడేది అదే కాబట్టి. తరవాత సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో, సమోసాలు. షిఫ్టు మార్చుకుని వచ్చిన తండ్రి చాలాసేపు ఆలోచించి, "అందరు నోరు మూసుకున్నది మంచిగుంది" అంటాడు. ఆ హాల్లో వచ్చిన విమర్శల్లో నిజాయితీ ఉన్నది అదొక్కటే.

లాభం లేదా అంటే ఉంది. ఇంతా అయ్యాక కుర్రాడు దుర్యోధనుణ్ణి మళ్ళీ అందుకున్నప్పుడు తేడా తెలుస్తుంది. ఈసారి మొదటి మాటకు ముందు ఒక క్షణం ఆగుతాడు, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతుంది, అప్పుడు నోరు తెరుస్తాడు. అరుపు సగం తగ్గింది, బలం పెరిగింది. ఫీజు కట్టింది ఆ ఒక్క క్షణం కోసమే అనుకుంటే అది దండగ ఖర్చు కాదు.

చేరదలచినవాళ్ళు మోకాళ్ళకు క్యాపులు ముందే కొనుక్కోవాలి, ఉప్మా పెసరట్టు సాయంత్రానికి వాయిదా వేసుకోవాలి. సురభి వాళ్ళ ఆట ఎక్కడ జరుగుతోందో కనుక్కుని ఒకసారి చూసి రావాలి. వర్క్‌షాపుకు వారం ముందు నుంచి ఇంట్లో మాట్లాడకుండా ఉండటం సాధన చేస్తే ఇంకా మంచిది, దానికి ఇంట్లోవాళ్ళ సహకారం తప్పకుండా దొరుకుతుంది.